కూర్మనాథుడి చుట్టం

బరువేమీ కాదు, ఆటలమ్మ పోసిన ఏడు మా తమ్ముడు ఎల్లాజీ కూడా ఇంతే ఉండేవాడు, ఇలాగే నా ఒళ్ళో అడ్డంగా పడుకునేవాడు, తల ఇటు, కాళ్ళు అటు, ఈ పసుపుపచ్చ గొట్టానికి కాళ్ళు లేవు, తల మీద సన్నటి తీగ ఒకటి ఉంది అంతే, ఇసుక కాలిపోతోంది, తొడలు తిమ్మిరెక్కాయి, ఎక్కనీ, నేను లేచానంటే గరివిడి నుంచి వచ్చిన ఆ పాతసామాన్ల వ్యాపారి దీన్ని ఎత్తి ఆటోలో పడేస్తాడు, ఒసే తవిటీ, లెగే, ఊరంతా నవ్వుతన్నాది అని మా ఆయన గంగులు అరుస్తున్నాడు, నవ్వనీ మావా, పళ్ళున్నోలు నవ్వుతారు, నాను లెగను.

పొద్దున అతని వలలో పడింది ఇది, కొత్త వల, నిలువునా చిరిగింది, కడుపు మండదా మరి, ఎవరికైనా మండుతుంది, దీన్ని అమ్మి వల బాగుచేయించుకుంటానంటాడు, కానీ శ్రీకాకుళంలో చేపల ఆఫీసులో పనిచేసే మా ఆడపడుచు కొడుకు ఉమాశంకర్ బండి మీద వచ్చి, దీని ఒంటి మీద ఇంగ్లీషు చదివి, అక్కడ రాసున్న నంబరుకి ఫోన్ చేశాడు కదా, అత్తా, ఇది సముద్రం అడుక్కి దిగుతాది, నీళ్ళ వేడెంత ఉప్పెంత సూసుకుంటాది, పైకొచ్చి శాటిలైటుకి సెప్పేసి మళ్ళీ మునిగిపోతాది, అన్ని సముద్రాల్లోనూ ఇలాంటివి వేలకొద్దీ తిరుగుతన్నాయట, పొద్దున కూడా కబురు పంపిందట, బాగానే ఉన్నాది, లోతు నీళ్ళలో వదిలీమన్నారు అని అందరి ముందూ చెప్పాడు, అందరూ విన్నారు, విని వ్యాపారి వైపు చూశారు, నా ఒళ్ళు మండింది, దీన్ని ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నాను.

వదిలీడానికి నా వల ఆల బాబు సొమ్మేటే అంటున్నాడు గంగులు, ఓలమ్మా, ఏం మాటలు, మొన్న మాఘంలో తాబేలు పడితే ఇదే మనిషి కత్తి తీసి తన వల తనే కోశాడు, దాని వీపుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, శ్రీకూర్మం వైపు తిరిగి దండం పెట్టి మరీ నీళ్ళలోకి తోశాడు, వల డబ్బులేవని తాబేలుని అడిగాడా, అడుగు మావా, కూర్మనాథుణ్ణి కూడా అడుగు అన్నాను, తాబేలుకి పేనం ఉంటాదే పిచ్చిదానా అన్నాడు, దీనికి నేదేటి, మునుగుతాది, ఊపిరికి పైకొస్తాది, మళ్ళీ మునుగుతాది, తాబేలు సేసేదేటి మరి, ఇదీ కూర్మనాథుడి సుట్టమే అన్నాను, ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు.

అప్పుడనేశాడు, దీన్ని వదిలితే నీ తమ్ముడు తిరిగొస్తాడేటే అని, అని తనే తలొంచుకున్నాడు, రాడు మావా, నాకు తెల్దేటి, ఎల్లాజీ వేటకి బయల్దేరిన పొద్దున సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది, చెప్పడానికి ఫోను లేదు, ఎవరూ చెప్పలేదు, సాయంత్రానికి తుపాను, ఒక్క చెక్క కూడా ఒడ్డుకి రాలేదు, రోజుల తరబడి వెతికింది ఈ గంగులే, కళ్ళు వాచిపోయి వచ్చాడు, నిరుడు తిత్లీ తుపాను వచ్చినప్పుడు ముందే కబురొచ్చింది, పడవలు పైకి లాగారు, ఇళ్ళ కప్పులు లేచిపోయాయి గానీ మా ఊళ్ళో మనుషులు మిగిలారు, ఆ కబురు ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నారు, ఇలాంటివి పంపే లెక్కల్లోంచే అని ఉమాశంకర్ చెప్పలేదా, మావా, నువ్వు నన్ను కొట్టు, ఇంట్లోంచి గెంటు, నాను లెగను, ఇంకొకల తమ్ముడు ఏటకెళ్తాడు.

గంగులు చిరిగిన వలని చుట్టి పక్కన పెట్టాడు, నువ్వెళిపో బావూ అని వ్యాపారితో అన్నాడు, తర్వాత నా వైపు చూడకుండా, పసుపు తెచ్చావేటే అన్నాడు, తేకుండా ఉంటానా, పొద్దుటి నుంచీ కొంగున కట్టుకునే ఉన్నాను.

తల కాడ రాశాను, బొట్టు పెట్టాను, అతనొక పక్కా నేనొక పక్కా పట్టుకుని పడవ దాకా మోశాం, ఎల్లాజీ పోయాక ఈ నీళ్ళలో కాలు పెట్టలేదు నేను, అమ్మకానికి చేపలు కూడా పొడి ఇసుక మీదే కొనుక్కున్నాను, ఇవాళ మోకాళ్ళ దాకా దిగిపోయాను, చీర తడిసింది, గంగులు ఎక్కాడు, పడవ కదిలింది, పక్కింటి లక్ష్మణమ్మ గంగమ్మకి దండం పెట్టుకోవే అంది, పెట్టను, కోపం పోలేదు, పోదు, ఇన్నేళ్ళూ దేని మీద కోపమో ఇప్పుడు తెలిసింది, వాణ్ణి తీసుకుపోయినందుకు ఒక్కటే కాదు, ముందు ఒక్క మాటైనా చెప్పనందుకు, తల్లీ, మా ఎల్లాజీని సడీసప్పుడూ నేకుండా మింగీసినావు, ఇదిగో, దీన్నీ పంపుతన్నాను, ఎంత అడుక్కి లాక్కుంటావో లాక్కో, ఇది మళ్ళీ పైకొస్తాది, వచ్చి నీ కడుపులో ఏటున్నాదో అందరికీ సెప్పేస్తాది.