బావ పట్టిన స్టాప్‌వాచీ

లేత్ మేస్త్రీకీ, గడియారాలు బాగుచేసే వాళ్ళ బావగారికీ పద్దెనిమిదేళ్ళు సాగిన మహాసంగ్రామానికి రణరంగం మూతబడ్డ మిల్లు వెనక పావుమైలు రోడ్డు. మేస్త్రీది అరవైల నాటి అమెరికన్ బండి: ఎనిమిది సిలిండర్లు, ఏనుగు ఘీంకారం, తిన్నగా పోయినంతసేపూ చక్రవర్తి, మలుపు వస్తే మోకాళ్ళ నొప్పుల జమీందారు. బావది తొంభైల నాటి జపాన్ బండి: ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, ఒక్క క్షణం ఆలోచించుకొని ఆనక వీపున తన్నే స్వభావం.

ధర్మయుద్ధం కనుక నియమం ఒకటుంది. నడిపేవాడు అంకె చూడరాదు. ప్రత్యర్థే వాచీ పట్టాలి, ప్రత్యర్థే పుస్తకంలో రాయాలి. ఓడిన బండి ఇద్దరి ఉమ్మడి షెడ్డు విడిచిపోవాలన్న తీర్పును మాత్రం ఇద్దరూ ఏటేటా వాయిదా వేశారు.

బావ పోయి మూడు నెలలైంది. రోడ్డు వెడల్పు చేస్తూ షెడ్డులో సగం కూల్చేస్తున్నారు. ఇక ఒక్క బండికే చోటు. పుస్తకంలో అమెరికాకు పదమూడున్నర సెకన్లు, జపానుకు పద్నాలుగు. రేపు కొనేవాడొస్తాడు; పోవలసింది బావ బండే.

"ఒక్కసారి వాచీ నేను పడతాన్రా," అంది మేస్త్రీ అక్క.

"నొక్కడం వచ్చా నీకు?"

"ముప్ఫయ్యేళ్ళు మీ బావతో కాపురం చేశాను. గడియారం చూడ్డం తప్ప ఇంకేం నేర్చుకున్నాననుకున్నావ్?"

మేస్త్రీ ముందు తన ఐరావతాన్ని దౌడు తీయించాడు. అక్క కళ్ళజోడు సవరించుకొని చదివింది: "పదిహేను పాయింటు రెండు."

"వాచీ చెడింది."

"మీ బావ వాచీరా అది!"

ఆ వాచీ తప్పు చెప్పదు. చెబితే బావే చెప్పాలి. అంటే ఇన్నేళ్ళూ బావమరిది పరుగులో సెకనున్నరకు పైగా కోసేసి, గంభీరంగా సంతకం పెట్టాడన్నమాట. మరి మేస్త్రీ చేసిందేమిటి? వెంట్రుకవాసి తేడా వస్తే ఇనుమును తుక్కులో పారేసే ఈ మహానుభావుడు, బావ పరుగుకు ప్రతిసారీ ఎంచక్కా ఒక సెకను కలుపుతూ వచ్చాడు.

జపాన్ బండి ఎక్కాడు. సీటు ఇంకా బావ కాళ్ళ పొడవుకే ఉంది; జరపబుద్ధి కాలేదు.

"పదమూడు," అంది అక్క.

తాళం తీసి దిగాడు. ఇంజను ఆగలేదు. అక్క చేయి అలవాటుపడినట్టు వాచీ మళ్ళీ నొక్కింది.

"తాళం తీశావుగా, ఇంకా ఆడుతుందేంరా?"

"టర్బోలు చల్లారాలక్కా. బావ బిగించిన టైమరు. రెండు నిమిషాలకు అదే ఆగుతుంది."

రెండు గడిచాయి. మూడూ గడిచాయి. ఖాళీ సీటు ముందు ఇంజను వేగం చూపే ముల్లు, పెడల్ మీద ఎవరిదో కాలున్నట్టు, మెల్లగా లేస్తూ దిగుతోంది.

"ఒరే," అక్క గొంతు తగ్గించింది, "ఆయనకు నువ్వేమైనా చెప్పాలా?"

మేస్త్రీ పుస్తకం తెరిచాడు. తన వరసలో పదిహేను పాయింటు రెండు, బావ వరసలో పదమూడు రాశాడు. కింద "పాతవాటిలో నేను సెకను కలిపాను బావా" అని రాసి, సంతకం పెట్టి, పలక చూపించే బడిపిల్లాడిలా డ్రైవరు వైపు అద్దానికి ఆనించి పట్టుకున్నాడు.

ఇంజను మరికాసేపు, చదివేందుకు పట్టేంతసేపు, ఆడి ఆగింది.

"రేపు కొనేవాడొస్తే నా బండి చూపించక్కా."

అక్క వాచీ వెలుతురుకు తిప్పింది. "నాలుగు నిమిషాల పది సెకన్లు. ఇదీ రాయాలా?"

"రాయి," అన్నాడు మేస్త్రీ. "ఉన్నదున్నట్టు రాయి."