అక్క చెయ్యి వణకలేదు

మా అక్క చేతి గడియారాలు బాగుచేస్తుంది. ఆవగింజంత మరమేకును పట్టకారుతో ఎత్తి దాని చోట కూర్చోబెడుతుంది. ఇరవయ్యేళ్లలో ఆ చెయ్యి ఒక్కసారి వణకడం నేను చూడలేదు. బావకి అదో గర్వం. "మీ అక్క తిట్టినా గురి తప్పదురా" అని నవ్వేవాడు.

నాది మెయిల్ కంపెనీలో ఉద్యోగం. స్పామ్ పంపేవాళ్ల యంత్రాలు ఇతరుల ఖాతాల్లో దూరకుండా లాగిన్ దగ్గర బొమ్మల పరీక్ష పెట్టేది నేనే. పడవలున్న గళ్లు నొక్కండి, మెట్లున్న గళ్లు నొక్కండి. కొన్నాళ్లకి యంత్రాలు అదీ నేర్చేసుకున్నాయి. అప్పుడు నాకో మహా గొప్ప ఆలోచన వచ్చింది. మనిషి మౌస్ కదిపితే బాణం గుర్తు ఎంతో కొంత వంకర పోతుంది, గీత గీసినట్టు పోయిందంటే అది యంత్రమే. తిన్నగా పోయే వాళ్లని లోపలికి రానివ్వకూడదని నియమం రాశాను. వారం తిరక్కుండా స్పామ్ సగానికి తగ్గింది. మేనేజర్ అందరి ముందూ భుజం తట్టాడు. ఇక నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ తర్వాతి బుధవారం అక్క ఫోన్ చేసింది. బావ గుండె ఆపరేషన్‌కి తేదీ మెయిల్లోనే పంపుతామనీ, మాటిమాటికీ ఫోన్ చెయ్యొద్దనీ ఆసుపత్రివాళ్లు చెప్పారు.

"ఒరేయ్, మీ కంపెనీ మెయిల్ తెరుచుకోవట్లేదు. పడవలన్నీ సరిగ్గానే నొక్కాను. నేను మనిషినో కాదో తేలలేదట."

"నీ సంగతి దానికి బాగానే తెలిసిపోయిందక్కా" అన్నాను. "ఆదివారం వచ్చి చూస్తాలే."

ఆదివారం వెళ్లలేదు. పనుందని చెప్పి పడుకున్నాను. తర్వాతి ఆదివారమూ అంతే. మూడో ఆదివారానికి బావ లేడు.

పది రోజులు గడిచాక అక్క కంప్యూటర్ ముందు కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను.

"ఆసుపత్రికి రాయాలిరా. మాకిక తేదీ వద్దంటే ఇంకెవరికైనా ఇస్తారు."

మెట్లున్న గళ్లు నొక్కమని వచ్చింది. మౌస్ మీద అక్క చెయ్యి వణుకుతోంది. బాణం గుర్తు తడబడుతూ ఒక్కో గడి దగ్గరికీ చేరింది. మొదటిసారికే మెయిల్ తెరుచుకుంది. నా నియమం ఎవరిని బయట నిలబెట్టిందో అప్పుడు తెలిసింది.

ఆసుపత్రి ఉత్తరాలు రెండున్నాయి. అక్క ఫోన్ చేసిన వారం, శనివారం నాడు వచ్చింది మొదటిది. తేదీ ఖరారైంది, సోమవారంలోగా జవాబివ్వండి. రెండోది మంగళవారం నాటిది. జవాబు రాలేదు కాబట్టి ఆ తేదీ వేరేవాళ్లకి ఇచ్చేశాం.

అక్క రెండూ రెండేసి సార్లు చదివింది.

"ఇన్నాళ్లూ తెరుచుకోనిది ఇవాళెలా తెరుచుకుందిరా?"

"ఇన్నాళ్లూ నీ చెయ్యి వణకలేదక్కా."

అంతా చెప్పేశాను. ఆ నియమం రాసింది నేనేనని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. అక్క మౌస్ వదిలి తన చేతిని చూసుకుంది.

"బుధవారమే ఫోన్ చేశాను కదరా" అంది.