రెండు రాళ్ళ మధ్య రోడ్డు

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతే పోలింగ్ వాయిదా పడుతుంది. స్వతంత్ర అభ్యర్థి చనిపోతే ఏదీ ఆగదు. ఈ సంగతి ఎన్నికల అధికారి కార్యాలయంలో ఒక గుమాస్తా నాకు చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు.

"మరి పేరు?" అని అడిగాను.

"పేరు అట్లనే ఉంటది సార్. ఫోటో సుత ఉంటది. ఎవరన్న నొక్కితే లెక్కలకు వస్తది."

మేం మాట్లాడుకుంటున్నది నా భార్య జీవమణి గురించి. అంతకు ముందురోజే ఆమెను సమాధి చేసి వచ్చాం.

జీవమణి పంజగుట్టలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. నేను అమీర్‌పేటలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా బడి ముందు రోడ్డుకు సిగ్నల్ లేదు. మెట్రో దిగిన వాళ్ళు, కోచింగ్ పిల్లలు, బడి పిల్లలు అందరూ బస్సుల మధ్య నుంచే దాటాలి. రిటైరైన మరుసటి వారం ఆమె ఒక ఈల కొనుక్కుంది. బడి తెరిచే వేళ, విడిచే వేళ రోడ్డు మధ్యకు వెళ్ళి, చెయ్యి అడ్డం పెట్టి ఈల ఊదేది. బస్సులు ఆగేవి. ఇంజెక్షన్‌కు భయపడే మగవాళ్ళతో వార్డులో మాట్లాడిన గొంతుతోనే డ్రైవర్లతోనూ మాట్లాడేది.

ఆ రోడ్డుకు ఇటువైపు ఒక శిలాఫలకం ఉంది, అటువైపు ఒకటి ఉంది. ఒక పార్టీ గెలిచినప్పుడు పాదచారుల వంతెనకు ఇటువైపు శంకుస్థాపన చేసింది. రెండో పార్టీ గెలిచాక, ఆ రాయి ఉండగానే, అటువైపు తన రాయి పాతింది. ఇటు రాయి మీద టీ బండివాడు గ్లాసులు బోర్లిస్తాడు. అటు రాయికి ఎస్.ఆర్. నగర్ హాస్టల్ బోర్డు ఒకటి కట్టారు. వంతెన రాలేదు.

మొన్నటి చలికాలంలో ఒక హాస్టల్ అమ్మాయిని బస్సు కొట్టింది. అమ్మాయి బతికింది గానీ కాలు మునుపటిలా లేదు. అంబులెన్స్ వచ్చేదాకా ఆ అమ్మాయి తలను జీవమణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అసెంబ్లీ ఎన్నికల ప్రకటన వచ్చిన రోజు అన్నం తింటూ, "నేను నిలబడతాను" అంది.

"ఇద్దరూ నచ్చకపోతే నోటా ఉంది కదా" అన్నాను.

"అది వద్దు అని చెప్పడానికి. ఇది కావాలి అని చెప్పడానికి ఏముంది?"

ఆమె నామినేషన్ వేసింది. గుర్తుల్లో ఈల ఖాళీగా ఉంటే అదే అడిగి తీసుకుంది. ప్రచారంలో ఒకటే మాట చెప్పేది: రెండు రాళ్ళున్నాయి, మధ్యలో వంతెన లేదు. పోలింగ్ ఇంకో వారం పది రోజుల్లో ఉందనగా, బల్కంపేట సందులో ఒక ఇంటి ముందు కుర్చీ అడిగి కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

నేను ఎన్నికల కార్యాలయం నుంచి వచ్చేసరికి నా బావమరిది లెవీ ఇంట్లో కూర్చుని ఉన్నాడు. మా చర్చి సంఘం కమిటీలో అతని మాటకు విలువ ఉంది. పక్కన ఒక పార్టీకి డివిజన్ బాధ్యతలు చూసే నరేశ్ ఉన్నాడు. నరేశ్ నా చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"బావా, అక్క ఎట్లాగూ లేకపాయె" అన్నాడు లెవీ. "ఆమె ఓట్లు మోరీల పోసినట్టే. నరేశన్న పార్టీకి సపోర్ట్ అని నువ్వు ఒక్క మాట చెప్పు. గెలిస్తే వంతెనకు అక్క పేరే పెడ్తరట."

ఆమె పేరు వంతెన మీద. అబద్ధం చెప్పను, ఆ మాట నాకు ఆశ పుట్టించింది.

"రాసి ఇస్తారా?"

"రాసుడెందుకు సార్?" అన్నాడు నరేశ్. "మేడమ్ పేరుతోని రాయే వేస్తం."

"మూడో రాయా?"

లెవీ నేలచూపులు చూశాడు. నరేశ్‌కు నా మాట అర్థమైనట్టు లేదు.

సాయంత్రం రెండో పార్టీ నుంచి రామకృష్ణ వచ్చాడు. మేడమ్ ఆశయమే మా ఆశయం అన్నాడు. వంతెనకు లిఫ్ట్ కూడా పెట్టిస్తామన్నాడు. పరామర్శకు వచ్చిన వాళ్ళను ఆదరణ కూడికకు పిలవడం మాలో రివాజు. ఇంట్లో ఎవరైనా పోయాక బంధువులు, సంఘస్థులు కలిసి ప్రార్థన చేసి, పోయిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పి, భోజనం చేసి వెళ్ళే కూడిక అది. నేను నరేశ్‌ను పిలిచాను, రామకృష్ణను పిలిచాను. అంతకు మించి ఇద్దరితోనూ ఏమీ అనలేదు. తక్కువ మాట్లాడేవాణ్ణి. నా మౌనాన్ని ఇద్దరూ ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నారు.

ఈలోగా బస్తీలో ఒక మాట పుట్టింది. జీవమణికి వేసిన ఓటు చెల్లదట, మిషన్ తీసుకోదట. వాట్సాప్‌లో అదే, పాల బూత్ దగ్గర అదే. వంతెన ఏ వైపు మొదలవ్వాలో తేల్చుకోలేని రెండు పార్టీల వాళ్ళూ ఈ ఒక్క మాట మీద ఏకమయ్యారు.

కూడికకు మా సందులో షామియానా వేశాం. చర్చి పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు పాట పాడారు. పాట సగంలో ఒక వైపు నుంచి నరేశ్ తన మనుషులతో వచ్చాడు, చేతిలో పార్టీ రంగు శాలువా. ఇంకో వైపు నుంచి రామకృష్ణ వచ్చాడు, గజమాల మోసుకుంటూ ఇద్దరు వెనకాల. షామియానా మధ్యలో ఒకరినొకరు చూసుకున్నారు.

"అన్నా, నువ్వెట్ల వచ్చినవ్?" అన్నాడు నరేశ్.

"సార్ పిలిచిండు. నిన్నెవరు పిలిచిన్రు?"

మా పక్కింటి ఛాయాదేవి గారు నా వైపు వంగి, "ఏంటండీ మాస్టారూ, ఇద్దరినీ పిలిచారా?" అన్నారు. ఆమెది భీమవరం. జీవమణితో కలిసి ఇంటింటికీ తిరిగిన మనిషి.

"వచ్చిన వాళ్ళందరినీ పిలిచానండీ."

"బాగుంది. ఆ దండ ఎవరికి వేస్తారో చూద్దాం" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అయ్యగారు నన్ను మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను. రాసుకుని రాలేదు.

"జీవమణి గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. రోజూ రోడ్డు దాటించింది మిమ్మల్ని. నేను ఒక్క విషయమే చెబుతాను. ఆమె పేరు మిషన్ మీద ఉంది. ఫోటో ఉంది. ఈల ఉంది. నొక్కితే ఓటు లెక్కలోకి వస్తుంది. చెల్లదని ఎవరైనా చెబితే అది అబద్ధం. నేను వెళ్ళి అడిగి తెలుసుకుని వచ్చాను."

నరేశ్ శాలువా మడతపెట్టాడు. "చెల్లుతది సార్, కాదంటలేను. గెల్వదు గదా. గెల్వని ఓటు వేస్ట్ గాదా? మీరే చదువుకున్నోళ్ళు, చెప్పండి."

"నా ఓటు రెండుసార్లు గెలిచింది నరేశ్. ఒకసారి మీకు వేశాను, ఒకసారి రామకృష్ణ గారి పార్టీకి వేశాను. రెండుసార్లూ చెరొక రాయి వచ్చింది. గెలిచిన ఓటు ఎంత వేస్టో నాకు తెలుసు. ఈసారి నాకు కావలసిన మనిషికి వేస్తాను."

వెనక కుర్చీల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ముందు వరసదాకా వచ్చింది.

లెవీ మొహం ఎర్రబడింది. "బావా, ఇది ప్రార్థన కూడిక. గీ ముచ్చట్లా ఇక్కడ?"

"ప్రార్థన కూడిక కాబట్టే నిజం చెప్పాను లెవీ. నరేశ్ పార్టీకి సపోర్ట్ అని నాతో చెప్పించడానికి పనికొచ్చే కూడిక నిజం చెప్పడానికి పనికిరాదా?"

అయ్యగారు భోజనాలకు లేవమన్నారు. రామకృష్ణ మనుషులు గజమాలను ఏం చెయ్యాలో తెలియక షామియానా గుంజకు తగిలించి వెళ్ళారు. లెవీ భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు. తోబుట్టువు కూడికలో తినకుండా వెళ్ళడం చిన్న విషయం కాదు. నేను పిలిచాను. అతను వెనక్కి తిరగలేదు.

ప్రచారం ముగిసే గంటదాకా ఛాయాదేవి గారూ నేనూ తిరిగాం. ఓటు వెయ్యమని నేను ఎవరినీ అడగలేదు. "పేరు ఉంది, ఓటు చెల్లుతుంది" అని మాత్రం ప్రతి గుమ్మంలోనూ చెప్పాను. కొందరు తలుపు వేసుకున్నారు. ఒక ముసలామె నన్ను కూర్చోబెట్టి, జీవమణి తనకు షుగరు ఇంజెక్షన్ ఎక్కడ పొడుచుకోవాలో నేర్పిన సంగతి చెప్పి, తానే ఏడ్చి, తానే టీ పెట్టింది.

పోలింగ్ రోజు గుర్తులేవీ బూత్ దగ్గరికి తేకూడదని ఆమె ఈలను ఇంట్లోనే వదిలి వెళ్ళాను. వరసలో నిలబడి ఉండగా మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊదాడు. మళ్ళీ ఊదాడు. గేటు దగ్గర నరేశ్ మనిషి ఒకడు పోలీసుతో, "అన్నా, గా ఈల బంద్ చేయించుండ్రి. ప్రచారం అయితుంది" అన్నాడు.

"బస్సుల కింద నువ్వు పడుకుంటవా మరి?" అన్నాడు పోలీసు. వరస మొత్తం నవ్వింది.

లోపల మిషన్ మీద జీవమణి ఫోటో ఉంది. ఆసుపత్రి ఐడీ కార్డుకు తీయించుకున్నది. నొక్కాను. పక్కనున్న పెట్టె అద్దంలో చిన్న దీపం వెలిగి, కాగితం మీద ఆమె పేరు, ఈల కనిపించాయి. కొద్ది క్షణాలు అలా నిలిచి, కాగితం తెగి లోపల పడింది. సమాధి దగ్గర మట్టి వేసినప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోలేదు.

"అయిపోయింది సార్" అన్నాడు అధికారి.

ఫలితాల్లో రామకృష్ణ పార్టీ గెలిచింది. నరేశ్ పార్టీ ఓడిపోయిన తేడా కంటే జీవమణికి పడిన ఓట్లు ఎక్కువ. ఆ రాత్రి లెవీ ఫోన్ చేసి, "చూసినవా బావా, ఏం చేసినవో" అని పెట్టేశాడు.

మరుసటి ఉదయం బడి వేళకు నేను ఆ ఈల మెడలో వేసుకుని రోడ్డు దగ్గరికి వెళ్ళాను. పిల్లలు అప్పటికే అంచున గుంపుగా నిలబడి ఉన్నారు. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపల ఒక కారు దగ్గరికొచ్చి ఆగింది. అద్దం దిగింది. నరేశ్.

"మీ వల్లనే సార్ మేం ఓడిపోయినం. చచ్చినామెతోని మా ఓట్లు చీల్చిన్రు. ఇప్పుడు ఖుషీయేనా?"

"అవి మీ ఓట్లు కావు నరేశ్. మీవైతే మీకే పడేవి."

"వంతెన ఎట్ల వస్తదో సుత చూస్తా."

"చూడు. వచ్చే ఎన్నికల్లో నేను నిలబడతాను. ఈల ఖాళీగా ఉంటే అదే అడుగుతాను."

అతను ఇంకేదో అనబోతూ క్లచ్ వదిలాడు. కారు ముందుకు కదిలింది. పిల్లల్లో ముందున్న పాప అప్పటికే రోడ్డు మీద కాలు పెట్టింది.

ఈల ఊదాను. తరగతి గదిలో కూడా అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. కారు ఆగింది, దాని వెనక బస్సు ఆగింది.

"జర ఆగు నరేశ్" అన్నాను. "పిల్లలు దాటాలి."