మూడు లెక్కపెట్టాక

నాకు నిజంగా పెళ్లయింది ఒక్కసారే. సినిమాల్లో మాత్రం ఒకే మనిషికి అరవై రెండుసార్లు పెళ్లాన్నయ్యాను. ఆయన్ని అందరం మాస్టారంటాం. నటుడు కాకముందు బళ్లో లెక్కలు చెప్పేవారు. నేను గయ్యాళి పెళ్లాం, ఆయన నోట్లో నాలుక లేని మొగుడు. హీరో ఎవరైనా, కథ ఏదైనా, మధ్యలో మా ఇల్లొకటి వచ్చేది. నేను గిన్నె విసిరేదాన్ని, ఆయన తల వంచేవారు. గిన్నె రేకుదే గానీ, తల నిజంది. అందుకని ముందే చెప్పి విసిరేదాన్ని.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు చెడ్డదైతేనే నాకు పని దొరికేది. బజారులో నన్ను చూస్తే కొట్టువాళ్లు తూకంలో మోసం చేయడానికి జంకేవాళ్లు. ఇంట్లో మా ఆయన, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, నేను షూటింగ్ నుంచి రాగానే అడిగే మాట ఇప్పటికీ ఒకటే.

"మీ ఆయన ఎలా ఉన్నాడు?"

"ఉన్నారు లెండి. మీకన్నా నయం, నోరెత్తరు," అంటాను.

నిజంగానే మాస్టారు నోరెత్తేవారు కాదు. పేజీ నిండా తిట్లు నావి, చివర ఒక్క మాట ఆయనది. "సరేలేవే." ఆ మాట కూడా వెంటనే అనేవారు కాదు, మనసులో మూడు లెక్కపెట్టుకుని అనేవారు. మొదటి సినిమాలో ఆ సంగతి తెలియక, మరిచిపోయారేమో అనుకుని నేను మళ్లీ తిట్టడం మొదలుపెట్టాను. షాటు పాడైంది. ఆయన కోప్పడలేదు.

"అమ్మాయ్, జనం నవ్వేది మాటకి కాదు, మాట కోసం ఆగినచోట. నాకు ఆ మూడంకెలు వదిలెయ్, చాలు," అన్నారు.

అప్పుడు నాకు ఇరవై ఆరు. ఇప్పుడు అరవై ఎనిమిది. ఆయనకి ఇంకా అమ్మాయినే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కెమెరా నా ముఖం ఒక్కదాన్నే తీస్తున్నప్పుడు ఎదుటి నటుడికి పనుండదు. చాలామంది టీ తాగడానికి వెళ్లిపోతారు. అసిస్టెంటు ఎవరో కెమెరా పక్కన నిలబడి వాళ్ల మాటలు అప్పజెప్పినట్టు చదువుతాడు. ఆ గొంతు విని ఏడవాలి, నవ్వాలి. మాస్టారు ఏనాడూ వెళ్లలేదు. కెమెరా పక్కన నిలబడి, తెరమీద పడే మనిషిలాగే తల వంచి, మూడు లెక్కపెట్టి, తన మాట తనే అనేవారు. నా ముఖంలో జనం మెచ్చుకున్నదేదైనా ఉంటే, అందులో సగం ఆయన అక్కడ నిలబడినందువల్ల వచ్చిందే. ఈ మాట ఆయనకి ఒక్కసారైనా చెప్పలేదు. తిట్టడమే అలవాటైన నోరు కదా.

సినిమాలు తగ్గాక ఇద్దరం ఒక సీరియల్‌లో కుదిరాం. అక్కడా మొగుడూ పెళ్లాలమే, కాకపోతే తాతా అవ్వా. ఎనిమిదొందల ఎపిసోడ్లు హాయిగా గడిచాయి. ఆ తర్వాత మాస్టారు మాటలు మరిచిపోవడం మొదలుపెట్టారు.

పాత రోజులైతే ఇబ్బంది లేదు. కెమెరా వెనక ఒకడు మాట అందిస్తుంటే మనం పెదాలాడిస్తే సరిపోయేది, గొంతు తర్వాత డబ్బింగులో ఇచ్చుకునేవాళ్లం. ఈ సీరియల్‌లో మాట అక్కడికక్కడే రికార్డవుతుంది. వెనకనుంచి ఎవరు అందించినా అదీ పడుతుంది. ఒకరోజు రెండు వాక్యాల కోసం మాస్టారు పదకొండు టేకులు తీసుకున్నారు. డైరెక్టరు మా అమ్మాయి ఈడు పిల్ల, మంచిది. "పర్లేదు తాతగారూ," అంటూనే గడియారం చూసుకుంది.

ఆ మర్నాడు చెంబు ఒకటి కావాలని సామాన్ల గదిలోకి వెళ్తే, అల్మరా వెనక ఒక ఫ్రేము కనిపించింది. అందులో మాస్టారి ఫోటో. సీరియల్ లోకంలో మనిషిని చంపడానికి జబ్బులూ, డాక్టర్లూ అక్కర్లేదు, ఫ్రేము కట్టేవాడు చాలు. ఇంకొన్ని రోజులు చూస్తారు. కుదరకపోతే తాతయ్య ఊరెళ్లి అక్కడే పోయాడని ఒక ఫోన్ వస్తుంది, ఫోటో గోడ ఎక్కుతుంది. ఆ పని పోతే మాస్టారికి మిగిలేది కూతురింట్లో కిటికీ పక్క కుర్చీ ఒక్కటే. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ రోజే నాకొక ఉపాయం తోచింది. షాటులో ఆయన నోరు తెరిచి తడుముకోగానే అందుకున్నాను.

"మీరేం చెప్పబోతున్నారో నాకు తెలియదా? మనవడి మీద చేయి చేసుకోవద్దు, వాడింకా చిన్నవాడు, అంతేగా? ఎన్నిసార్లు విన్నాను?"

ఆయన మాటలన్నీ నేనే అనేశాను. ఆయన బిత్తరపోయి తల వంచారు. ఒక్క టేకులో అయిపోయింది. డైరెక్టరమ్మాయి పడీపడీ నవ్వింది. గయ్యాళి పెళ్లాం మొగుణ్ణి మాట్లాడనివ్వకపోవడం వింతేం కాదు కదా. మూడు వారాలు అలాగే లాక్కొచ్చాను. ఆయనవీ నావీ, ఇద్దరి పేజీలూ బట్టీ పట్టేదాన్ని. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఫ్రేము అల్మరా వెనకే ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒక మధ్యాహ్నం మేకప్ గదిలో మేమిద్దరమే ఉన్నాం. మాస్టారు అద్దంలో నన్నే చూస్తూ అన్నారు.

"నలభై రెండేళ్లలో నువ్వు నా డైలాగు మింగింది లేదమ్మాయ్."

"మింగానా? మీ కోసమే కదండీ."

"తెలుసు. ఆ ఫ్రేము నేనూ చూశాను. నువ్వు చూడకముందే చూశాను." తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. "మనిద్దరం ఎంతమందిని చూడలేదు, ఎదుటివాడి మాట మింగి పైకొచ్చినవాళ్లని? నువ్వు దయతో మింగావు. కానీ అక్కడ నిలబడ్డవాడికి తేడా ఏముంటుంది, చెప్పు? రేపు నావి రెండే వాక్యాలు. వస్తే వస్తాయి. నువ్వు మాత్రం నోరు విప్పకు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు షాటు. నా తిట్లయిపోయాయి. ఆయన వంతు వచ్చింది. మూడంకెలు అయ్యాయి. ఆరయ్యాయి. పది అయ్యాయి. ఆయన కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి, అక్కడేమైనా రాసి ఉందేమోనన్నట్టు వెతుకుతున్నాయి. ఆ రెండు వాక్యాలూ నా నాలుక చివరే ఉన్నాయి. ఊరంతా భయపడే నోరు నాది. దాన్ని ఆ కాసేపు మూసి ఉంచడం నేను చేసిన నటనంతటికన్నా కష్టమైంది. చెప్పేసి ఉంటే ఆయన ఇంకా సీరియల్‌లోనే ఉండేవారేమోనని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

చివరికి మాస్టారే డైరెక్టరమ్మాయి వైపు తిరిగారు.

"కట్ చెప్పు తల్లీ. చూడు, మీరు ఫ్రేము కట్టించిన ఫోటో బాగాలేదు. అందులో నేను పంటి నొప్పి వచ్చినవాడిలా ఉన్నాను. ఇంట్లో మంచిదుంది, రేపు మా అమ్మాయి చేత పంపిస్తాను."

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల లేచి వచ్చి ఆయన చేయి పట్టుకుంది. ఆయన తన కళ్లజోడు, తువ్వాలు తీసుకుని, లైటు బాయ్‌ల దగ్గర్నుంచి అందరికీ పేరుపేరునా వెళ్లొస్తానని చెప్పి వెళ్లారు. ఆశ్చర్యం, ఒక్క పేరూ మరిచిపోలేదు.

పన్నెండు రోజుల తర్వాత గోడకి ఫోటో ఎక్కింది. ఆయన పంపింది మా మొదటి సినిమా స్టిల్లు. నన్ను కత్తిరించేశారు గానీ, అంచున నా భుజం కొంచెం మిగిలిపోయింది. ఆ ఫోటో ముందు నిలబడి నేను రెండు పేజీలు తిట్టాలి. నన్నొదిలి ఎలా పోయావు, అడక్కుండా ఎలా పోయావు అని. మొదటి టేకు పాడైంది. రెండోదీ పాడైంది. మాటలన్నీ వచ్చాయి, ఒక్కదానిలోనూ ప్రాణం లేదు. ఫోటోకి డైలాగులుండవు. నేను తిడుతుంటే తల వంచేవాళ్లు లేరు.

మూడో టేకుకి ముందు సెట్లో కలకలం రేగింది. చూస్తే, కూతురి చేయి పట్టుకుని మాస్టారు నడిచొస్తున్నారు. నేరుగా వెళ్లి ఫోటో కింద, కెమెరా చూపుకి అందకుండా పక్కకి ఒదిగి నిలబడ్డారు. చేతిలో మడత పెట్టిన కాగితం.

"ఇక్కడైతే కెమెరాలో పడను కదా. కాగితం చూసుకోవచ్చు," అన్నారు.

ఆ కాగితం మీద పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క మాట రాసుకున్నారు. అంత దూరం నుంచి నాకు కూడా కనిపించింది.

మొదలుపెట్టాను. నలభై రెండేళ్ల తిట్లూ వచ్చాయి, చెప్పని మాట కూడా వాటితో కలిసి వచ్చింది. నువ్వు ఎదురుగా నిలబడితేనే నేను మనిషిలా కనిపించానయ్యా అన్నాను. అది పేజీలో లేదు. మాస్టారు తల వంచారు. నేను ఆగాను. ఒకటి, రెండు, మూడు.

"సరేలేవే," అన్నారు.

ఆ తర్వాత నేను ఏడ్చింది నటన కాదు. కట్ చెప్పడం ఎవరికీ గుర్తులేదు.

టీవీలో వచ్చినప్పుడు ఆ మాట తీసేశారు. ఉంచితే చచ్చినవాడు మాట్లాడినట్టవుతుంది కదా. నేను ఆగినచోటు మాత్రం అలాగే ఉండిపోయింది. తిడతాను, ఆగుతాను, గోడకేసి చూస్తాను, ఏడుస్తాను.

మా ఆయన పక్కనే కూర్చుని చూస్తున్నారు.

"అక్కడ ఆగిపోయావేం? మరిచిపోయావా?" అని అడిగారు.

"లేదండీ. అక్కడ ఆయన డైలాగు ఉంది," అన్నాను.