చేతిలో చీమలు

ఆ తీగను మా కోడలు తెచ్చింది. రోగులకు పరీక్షల కోసం రక్తం తీసే గదిలో ఆమె ఉద్యోగం. అక్కడ కిటికీకి అడ్డంగా పెరిగిందని ఎవరో కత్తిరిస్తే, ఓ ముక్కను తడిగుడ్డలో చుట్టుకుని ఇంటికి పట్టుకొచ్చింది. దానికేదో పేరు చెప్పింది గానీ నా నాలుక తిరగలేదు. పురుగు కొట్టినట్టు ఆకు నిండా చిల్లులే. "చిల్లులాకు" అన్నాను. ఇంట్లో అదే ఖాయమైంది.

కుండీలో పెట్టిన రోజే నాకు పాఠం చెప్పింది. "ఇది వానలు బాగా పడే అడవుల్లోది మామయ్యా. పెద్ద చెట్లను పట్టుకుని పైకి పాకుతుంది. ఎండ నేరుగా తగలకూడదు. మట్టిలో రెండు కణుపుల లోతు వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్ళు పొయ్యాలి. ఆకులు తుడవాలి. కాడల్లోంచి ఊడల్లాంటివి దిగుతాయి, వాటి మీద రోజూ కాసిన్ని నీళ్ళు చల్లాలి."

"అంటే బిడ్డను సాకినట్టు సాకమంటావు."

"మీకు అలవాటేగా."

అలవాటే. మా అబ్బాయి లారీ మీద పోతే వారం పది రోజులకు గానీ ఇల్లు చేరడు. కోడలు పొద్దున ఎనిమిదికి వెళ్తే తిరిగొచ్చేది నాలుగింటికి. అందాకా ఇంట్లో నేను, నాలుగేళ్ళ మనవరాలు. దాన్ని బుడంకాయ అంటాం. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది, నోరు మాత్రం మూరెడు. భార్య పోయాక నేను బతికి ఉన్నానంటే ఆ పిల్ల చెయ్యి పట్టుకునే. అది నాకు అప్పగించిన పని కాదు, నా ఊపిరి.

ఏడాది తిరిగేసరికి చిల్లులాకు నా భుజం దాకా వచ్చి ఒరిగిపోవడం మొదలుపెట్టింది. ఊత కావాలి. కోడలు కర్ర తెస్తానంది.

"కర్ర పుచ్చిపోతుందమ్మా. ఇంట్లో కుళాయిల మేస్త్రిని పెట్టుకుని కర్రేంటి?" అన్నాను.

నలభై ఏళ్ళు చేసిన పని అది. మంచం కింద ఇంకా ఇనప గొట్టం ముక్కలు ఉన్నాయి. మనిషెత్తు ముక్కొకటి తీసి, కొబ్బరి తాడు చుట్టి, కుండీలో దించాను. అడుగున జానెడు మేర తాడు చాలక గొట్టం బోసిగా మిగిలింది. ఆకులు కప్పేస్తాయిలే అనుకున్నాను.

పైన గోడకు కట్టాలి. మేకు కొట్టే ముందు గోడ లోపల ఏముందో చూసుకోవడం మా పనిలో మొదటి నియమం. వేలి కణుపులతో గోడంతా తట్టాను. "అమ్మాయ్, వంటింట్లో కుళాయి తిప్పు," అని గోడకు చెవి ఆనించాను. కట్టమన్నాను. మళ్ళీ తిప్పమన్నాను. చప్పుడు లేదు.

"ఉత్త ఇటుకే," అన్నాను గొప్పగా. "ఈ గోడలో ఏమీ లేదు."

నాలుగంగుళాల మేకు కొట్టి, ఇనప తీగతో గొట్టాన్ని దానికి బిగించాను. కోడలు మెచ్చుకుంది. బుడంకాయ చప్పట్లు కొట్టింది.

నాలుగో రోజు పొద్దున ఊడల మీద నీళ్ళు చల్లి, తాడు తడిసిందా లేదా అని తడిమి చూశాను. కుడిచేతి వేళ్ళలో చీమలు పాకినట్టయింది.

చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

మా అన్నయ్యకు పక్షవాతం సరిగ్గా అలాగే మొదలైంది. "కుడిచేతి వేళ్ళలో చీమలు పాకుతున్నాయిరా," అన్నాడు. "పడుకుని ఉంటావ్, చెయ్యి నలిగి ఉంటుంది," అన్నాను నేను. ఆరో రోజుకు మూతి పక్కకు పోయింది. ఆ తరవాత నాలుగేళ్ళు మంచం మీదే. మాట్లాడబోతే గాలి తప్ప మాట వచ్చేది కాదు. నన్ను చూసినప్పుడల్లా ఎడమ కంట్లోంచి నీళ్ళు కారేవి. అన్నం కలిపి పెట్టింది నేనే, అందుకే నాకంతా తెలుసు.

నేను ఎవరికీ చెప్పలేదు. కోడలికి చెబితే ఆ క్షణమే నన్ను లాక్కెళ్ళి సూది గుచ్చుతుంది. దానికి భయపడలేదు. పరీక్షలో ఏమన్నా తేలితే పిల్లను నా మీద వదిలి వెళ్ళదు. ఏ తల్లయినా వెళ్ళదు. పిల్లను ఎక్కడో పదిమంది పిల్లల మధ్య దించి వెళ్తుంది, నేను గోడలు చూస్తూ కూర్చుంటాను. అందుకని నోరు కుట్టుకున్నాను. ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నది ఆమే. ఇక్కడికి వచ్చేసరికి కలం ఆపింది. రాయమ్మా, ఉన్నదే చెబుతున్నాను.

ఆ రోజు నుంచి నా మీద నేనే నిఘా పెట్టాను. చొక్కా గుండీలు కుడిచేత్తో పెట్టుకోగలుగుతున్నానా? పెట్టుకుంటున్నాను. నిండు బకెట్ ఎత్తగలనా? ఎత్తాను. అద్దంలో మూతి వంకర పోయిందా? ఇంత కాలం అద్దం సరిగా చూసుకోలేదేమో, పుట్టుకతోనే కాస్త వంకరేమో అనిపించింది. మాట తేడా వస్తుందేమోనని స్నానాల గదిలో తలుపేసుకుని "ఎర్ర లారీ తెల్ల లారీ, ఎర్ర లారీ తెల్ల లారీ" అని వల్లించాను.

బయట కోడలు తలుపు కొట్టింది. "మామయ్యా, మీ అబ్బాయి మీద అంత బెంగగా ఉంటే ఫోన్ చేసి ఇవ్వనా?"

నవ్వాను. ఆ నవ్వు సరిగానే వచ్చిందా అని మళ్ళీ అద్దం చూసుకున్నాను.

చీమలు మాత్రం పోలేదు. ప్రతి రోజూ పొద్దునే, అదీ చిల్లులాకు దగ్గర నిలబడినప్పుడే. దానికి నా లెక్క నాకుంది: చెయ్యి పైకెత్తి చల్లుతాను కదా, రక్తం కిందికి దిగిపోతోంది, జబ్బు అప్పుడు బయటపడుతోంది. మధ్యాహ్నం బాగుంటే దొంగ దాక్కున్నాడనుకున్నాను. మేకు, గొట్టం, గోడ నా బుర్రలోకి రానే లేదు.

తొమ్మిదో రోజు, అంటే చీమలు మొదలైన ఆరో రోజు, పొద్దున లేవాలంటేనే భయమేసింది. దుప్పట్లోనే మూతి తడుముకున్నాను. రోజంతా పిల్లను ఎత్తుకోలేదు, ఎక్కడ జారవిడుస్తానోనని. "ఎత్తుకో తాతా" అని కాళ్ళకు చుట్టుకుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. "నా చేతిలో చీమలు పాకుతున్నాయే, నీకెక్కుతాయి," అన్నాను. "అమ్మకు చెప్పకు."

"ఎర్రవా, నల్లవా?"

"నల్లవి."

"నల్లవి కుట్టవులే," అంది ధైర్యం చెబుతూ.

పదకొండో రోజు. నీళ్ళ సీసా కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో తాడు తాకాను. ఎడమచేతిలోనూ చీమలు పాకాయి.

రెండు వైపులా! అన్నయ్యకు ఒక పక్కే పోయింది. నాకు రెండూ పోతే? సీసా నా చేతిలోంచి జారి కింద పడింది. మూత ఊడి నీళ్ళన్నీ కుండీ చుట్టూ మడుగు కట్టాయి. తుడవడానికి వంగే ఓపిక కూడా లేక కుర్చీలో కూలబడ్డాను. ఇక ఈ చేతుల్ని నమ్మకూడదు అనుకున్నాను. అనుకుని ఏం చేశాను?

"బుడంకాయా, ఈ పూట ఆకులు నువ్వు తుడవవే," అన్నాను.

దానికి పండగే. గుడ్డ తడిపి తెచ్చుకుంది. నా కాళ్ళకు పగుళ్ళు, అందుకని ఇంట్లో కూడా రబ్బరు చెప్పులు విడవను. దానికి చెప్పులు వెయ్యడం మా వల్ల అయ్యే పని కాదు. ఉత్త కాళ్ళతో ఆ నీళ్ళలోకి చప్ చప్ మని నడిచి, అందిన ఆకు పట్టుకుని తుడవసాగింది. నేను కళ్ళు మూసుకుని నా మాట నేను వల్లించుకుంటున్నాను. ఎర్ర లారీ, తెల్ల లారీ.

"తాతా," అంది. "నీ చీమలు నాకూ వచ్చాయి."

కళ్ళు తెరిచాను.

"ఏమన్నావ్?"

"ఈ ఆకు పట్టుకుంటే వస్తున్నాయి. వదిలేస్తే పోతున్నాయి. చూడు." పట్టుకుంది. వదిలింది. కిలకిలా నవ్వింది.

నాలుగేళ్ళ పిల్లకు పక్షవాతం రాదు. అంతవరకే అనుకున్నాను, మిగతాదంతా నా కళ్ళే చూశాయి. తడి ఆకు, తడి తాడు, తాడు లోపల ఇనప గొట్టం, గొట్టానికి బిగించిన తీగ, తీగకు మేకు. ఆ మేకుకు సూటిగా దిగువన ఫ్యాను స్విచ్చు, దాని వైరు పైకి పోయేది ఆ గోడలోంచే. గోడలో నీళ్ళు లేవని చెవి పెట్టి విన్నాను. కరెంటుకు చప్పుడుండదు.

పిల్ల అప్పటికే కిందికి వంగింది. అడుగు ఆకు తుడవాలి దానికి. వంగి, పడిపోకుండా ఆసరా కోసం ఎడమచెయ్యి చాచింది. ఆ చేతికి ఎదురుగా, తాడు చాలక నేను వదిలేసిన జానెడు బోసి గొట్టం.

అరవబోయాను. గొంతు దాకా వచ్చిన అరుపు మింగాను. పిల్ల అదిరిపడితే ఏం చేస్తుంది? దొరికింది పట్టుకుంటుంది. దొరికేది అదే.

"బుడంకాయా," అన్నాను మెల్లగా. ఆ గొంతు నాదేనా అనిపించింది. "ఆట ఆడదామా?"

చెయ్యి గాలిలో ఆగింది. గొట్టానికీ వేళ్ళకూ మధ్య బెత్తెడు. "ఏ ఆట?"

"చేతులు రెండూ నెత్తిన పెట్టుకోవాలి. ముందు ఎవరు పెడితే వాళ్ళు గెలిచినట్టు."

"ఉండు, ఈ ఒక్క ఆకు..."

"నేను పెట్టేశాను. నువ్వు ఓడిపోయావ్."

"తొండి! నువ్వు చెప్పకుండా పెట్టావ్!" గుడ్డ విసిరేసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"ఇప్పుడు తియ్యకుండా వెనక్కి నడవాలి. నా దాకా. తీస్తే ఔట్."

"చూడకుండానా?"

"చూడకుండా."

ఒక అడుగు వేసింది. నీళ్ళలో కాలు జారింది. పడలేదు. నేను కుర్చీలోంచి లేవలేదు, లేస్తే తిరిగి చూస్తుంది, చేతులు తీస్తుంది. రెండో అడుగు. మూడు. నీళ్ళు దాటింది. దాని జడ నా మోకాలికి తగలగానే రెండు చేతులతో వాటేసుకుని, అలాగే ఎత్తుకుని, తలుపు పక్కన, ఇంటంతటికీ కరెంటు ఆపే పెద్ద స్విచ్చు దాకా పరిగెత్తి కట్టేశాను. నేను పరిగెత్తి పదేళ్ళయింది.

"నేనే గెలిచాను," అంది పిల్ల.

"నువ్వే," అన్నాను.

మా వీధి చివర కరెంటు పనులు చేసే ఒకాయన ఉన్నాడు. వరస లేకపోయినా నన్ను బావా అంటాడు. ఎన్నో ఇళ్ళ గోడల దగ్గర, ముందు నీ పనా నా పనా అని పోట్లాడుకున్నవాళ్ళం. ఫోన్ చేస్తే వచ్చాడు. పిల్లను గడప అవతల, నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను.

"ఏం బావా, కుళాయిలోంచి కరెంటు వస్తోందా?" అంటూ పెద్ద స్విచ్చు వేసి, తన టెస్టరు తీసుకెళ్ళి గొట్టానికి ఆనించాడు. దానిలో దీపం వెలిగింది. ఆయన నవ్వు ఆరిపోయింది. స్విచ్చు కట్టేసి వచ్చి మేకు ఊడబీకాడు. మేకు మొన మీద ఎర్ర వైరు తొడుగు పీలిక అంటుకుని ఉంది.

"ఎవరు కొట్టారు ఇది?"

"నేనే."

"ఎన్నాళ్ళయింది?"

"పదకొండు రోజులు."

నా చెప్పుల వంక చూశాడు. "ఇవి కాపాడాయి నిన్ను. తాడూ ఆకూ కాస్త ఆపాయి." నేల మీద నీళ్ళు చూశాడు, పిల్ల తడి పాదాలు చూశాడు. "ఆ గొట్టమే గనక గుప్పిట పట్టి ఉంటే..." అని ఆపేశాడు. తరవాత నన్ను ఒక్క మాట కూడా ఎగతాళి చెయ్యలేదు. నలభై ఏళ్ళలో అదే మొదటిసారి.

వైరు మార్చి, గొట్టం తీసేసి వెళ్ళాడు. చిల్లులాకు నేల మీద వాలిపోయి పడి ఉంది.

నాలుగింటికి కోడలు వచ్చింది. చెప్పాను. చీమల సంగతి, అన్నయ్య సంగతి, అద్దం, లారీలు, పిల్ల చేతికి గుడ్డ ఇచ్చిన సంగతి, అన్నీ. ఆమె కూర్చోలేదు. చేతిసంచి భుజాన్నే ఉంది. ముందు పిల్ల రెండు అరచేతులూ తిప్పి చూసింది. అరికాళ్ళు చూసింది. తరవాత నావైపు తిరిగింది.

"ఎన్ని రోజులు మామయ్యా?"

"ఎనిమిది. మేకు కొట్టిన నాలుగో రోజు మొదలైంది, ఇవాళ పదకొండు."

"రోజూ పదిమంది చేతులు పట్టుకుని తిమ్మిరిగా ఉందా అని అడుగుతాను నేను. ఇంట్లో మనిషికి ఉంటే ఎనిమిది రోజులు నాకు తెలియలేదు. మొదటి రోజే ఒక్క మాట చెప్పి ఉంటే? ఎక్కడ నిలబడితే వస్తోందని అడిగేదాన్ని. మొదటి ప్రశ్న అదే మేం అడిగేది."

"చెబితే పిల్లను నా దగ్గర ఉంచవని..."

"అందుకని పిల్లనే..." అంది.

"రేపు?" అని అడిగాను. "రేపు నా దగ్గర వదులుతావా?"

ఆమె గుడ్డ తెచ్చుకుంది. నేల తుడిచింది. చిల్లులాకును కుర్చీ వీపుకు ఆనించి గుడ్డపీలికతో కట్టింది. అన్నం వడ్డించింది.

తెల్లారింది. ఏడున్నరకు స్నానం చేసి గుండీలు పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను, తీర్పు కోసం నిలబడినవాడిలా. ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా సంచి తగిలించుకుని వచ్చింది. పక్కన బుడంకాయ. పిల్లకు చెప్పులు వేసి ఉన్నాయి. తీసుకెళ్ళిపోతోంది అనుకున్నాను. చెప్పులు చూడగానే అదే అనుకున్నాను.

కోడలు పిల్ల చెయ్యి పట్టుకుని నా చేతిలో పెట్టింది.

"పాలు తాగలేదు మామయ్యా, తాగించండి. ఇంట్లో కూడా చెప్పులు తియ్యనివ్వకండి. మీకు ఎక్కడ ఏమనిపించినా, గోరు నొప్పయినా సరే, ఫోన్ చెయ్యండి."

"చేస్తానమ్మా."

తలుపు వేసుకుని దిగింది. మాది మేడ మీద ఇల్లు, పదహారు మెట్లు. వింటున్నాను. నాలుగు దిగింది. అక్కడ ఆగిపోయింది. నేను ఇవతల పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడిపోయాను. పైకి వస్తుందా? వచ్చి తీసుకెళ్తే అడ్డు చెప్పే మొహం నాకు లేదు. ఎంతసేపు ఆగిందో తెలియదు, పిల్ల "తాతా, నా చెయ్యి నొక్కుతున్నావ్" అనేంత సేపు.

తరవాత ఐదో మెట్టు దిగిన చప్పుడు వినిపించింది. ఆరోది. మెల్లగా, ఒక్కొక్కటే, చివరి మెట్టు దాకా.