మేనేజరు చిరునామా

మా తమ్ముడు ఏదైనా పని ఉచితంగా చేసిపెట్టాడంటే, దాని గొప్పలు విన్నందుకు మనకే జీతం ఇవ్వాలి. నేను పనిచేసే కుక్కల ఆశ్రమానికి వెబ్‌సైటు తయారుచేసిన రోజు నుంచి వాడి కాలరు కిందికి దిగలేదు. ఇంటికి ఎవరొచ్చినా ఫోను చేతిలో పెట్టేవాడు.

"ఎక్కడ నొక్కినా పేజీ మళ్ళీ మొదటినుంచి లోడవదు, చూడండి. గుమ్మం ఒక్కటే. లోపల సామాను టకటకా మారిపోతుందంతే. అంతా జావాస్క్రిప్టు!"

నిజం చెప్పొద్దూ, చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. తెరవగానే దూది అనే తెల్లటి కూన ఫోటో ఫోను నిండా పరుచుకునేది. కిందికి జరిపితే మిగతా కుక్కలు. ఏ కుక్క ఫోటో నొక్కితే దాని పేజీ కన్నుమూసి తెరిచేలోగా వచ్చేది.

నా ప్రాణం మాత్రం మేనేజరు మీద ఉండేది. మేనేజరంటే మనిషి కాదు, మా ఆశ్రమంలోకెల్లా ముసలి కుక్క. గోధుమరంగు, ఒక చెవి మడత. పొద్దున్నే గేటు దగ్గర కూర్చుని, పనికొచ్చే ప్రతివాణ్ణీ ఎగాదిగా చూసేవాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను ఇంకాస్త ఎక్కువసేపు చూసేవాడు. అందుకే ఆ పేరు.

ఇంతలో మాకొక చిక్కు వచ్చిపడింది. ఆశ్రమం వెనకభాగాన్ని స్థలం యజమాని తిరిగి అడిగాడు. నెలాఖరులోగా ఇల్లు దొరకని పెద్ద కుక్కలన్నిటినీ ఊరిబయట ఉన్న దొడ్డికి పంపేయాలి. అక్కడ వయసులో ఉన్న కుక్కలు గుంపులు గుంపులుగా ఉంటాయి. వెనక కాళ్ళు పట్టుతప్పిన మేనేజరు ఆ తోపులాటలో తిండి గిన్నె దాకా కూడా వెళ్ళలేడు.

అందుకని ఒక సాయంత్రం కూర్చుని, వెబ్‌సైటులో మేనేజరు పేజీ తెరిచి, పైనున్న లింకును కాపీ చేసి తెలిసినవాళ్ళందరికీ పంపాను. "వీడికి ఇల్లు కావాలి. ఒక్కసారి చూడండి చాలు" అని రాశాను. అందరికంటే ముందు పంపింది మా మేనత్తకు. ఉద్యోగం నుంచి రిటైరై పక్క వీధిలో ఒక్కతే ఉంటుంది. తోడుంటే బాగుండునని తనే చాలాసార్లు అంది కూడా.

అత్త జవాబు వెంటనే వచ్చింది. "వద్దమ్మా. ఇలాంటి వాటితో నేను వేగలేను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇలాంటివంటే ఎలాంటివి? ముసలిదైతే ప్రాణం కాదా? ఆ రోజునుంచి అత్తతో మాటలు మానేశాను. ఫోను చేసినా తీయలేదు.

మిగతా జవాబులు చూశాక మాత్రం గాల్లో తేలిపోయాను. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అని ఒకరు. "ఎత్తుకుని తిరగాలనిపిస్తోంది" అని ఇంకొకరు. మేనేజరును ఎత్తుకోవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అయినా నాకు అనుమానం రాలేదు. లోకానికి ఇన్నాళ్ళకు కళ్ళు తెరుచుకున్నాయని మురిసిపోయాను.

ఆదివారం ఒక కుటుంబం వచ్చింది. నేను మేనేజరుకు బ్రష్ చేసి, ముస్తాబు చేసి తీసుకొచ్చాను. వాళ్ళ మొహాలు వాడిపోయాయి. మేనేజరు వాళ్ళను ఎగాదిగా చూశాడు.

"ఇది కాదండీ," అందావిడ నొచ్చుకుంటూ. "మీరు పంపింది తెల్లగా, బుజ్జిగా ఉంది కదా?"

ఆవిడ ఫోను తీసుకుని నేను పంపిన లింకే నొక్కాను. ఫోను నిండా దూది. ఆ కూనకు ఇల్లు దొరికి వెళ్ళిపోయి కూడా చాలా రోజులైంది!

నేను ఒంటికాలి మీద లేచి తమ్ముడి గదిలోకి వెళ్ళాను.

"నేను మేనేజరును పంపిస్తే నీ సైటు దూదిని చూపిస్తోందేంట్రా?"

"నా దగ్గర బాగానే వస్తోందే," అన్నాడు స్క్రీన్ మీదనుంచి కళ్ళు తీయకుండా. మొదటి పేజీ తెరిచి, కిందికి జరిపి, మేనేజరును నొక్కి చూపించాడు. "ఇదిగో, రాలేదూ?"

"నువ్వు గుమ్మంలోంచి నడిచెళ్ళావు కాబట్టి వచ్చింది. సరే, ఇప్పుడు వెనక్కి నొక్కు."

నొక్కాడు. కుక్కల జాబితా రావాలి కదా? సైటే మాయమై, అంతకుముందు వాడు చూసుకుంటున్న క్రికెట్ స్కోరు వచ్చింది.

వాడి మొహం చూడాలి! చెవులదాకా ఎర్రబడింది.

"అక్కా," అన్నాడు నాలుక కరుచుకుని. "లోపల సామాను మార్చాను గానీ, మారిందని బ్రౌజరుకు చెప్పలేదే. దాని లెక్కలో మనం ఇంకా గుమ్మంలోనే ఉన్నాం. పైన చిరునామా మారలేదు. నువ్వు కాపీ చేసింది మేనేజరు పేజీ కాదు, గుమ్మం."

"అంటే ఇన్నాళ్ళూ నేను ఊరందరికీ దూదిని అంటగట్టానన్నమాట! నెలాఖరు ముంచుకొస్తోంది, తెలుసా నీకు?"

వాడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. నేను పక్కన స్టూలు వేసుకుని కదలకుండా కూర్చున్నాను, నేను లేస్తే వీడు స్కోరు చూస్తాడని. ప్రతి కుక్కకూ సొంత చిరునామా ఇచ్చాడు. పేజీ మారినప్పుడల్లా దాన్ని బ్రౌజరు చరిత్రలో చేర్చమన్నాడు. వెనక్కి నొక్కితే ఏ పేజీ చూపించాలో రాశాడు.

"ఇప్పుడు నీ ఫోన్‌లో తెరువు," అన్నాడు మళ్ళీ కాలరు సర్దుకుంటూ.

తెరిచాను. "ఈ పేజీ లేదు" అని వచ్చింది.

"బాగుందిరా. ఇదివరకు దూదైనా కనిపించేది!"

"ఉండవే బాబూ! ఆ పేరుతో సర్వర్లో ఫైలు లేదు కదా, అందుకని లేదంటోంది. ఎవరు ఏ కుక్క చిరునామాతో వచ్చినా ముందు గుమ్మం పేజీ ఇచ్చేయమని దానికి చెప్తాను. ఎవరికోసం వచ్చారో చిరునామా చూసి నా కోడ్ చూసుకుంటుంది."

ఈసారి నొక్కగానే మడత చెవితో మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు. నాకు ఏడుపొచ్చేసింది. తమ్ముడు కంగారుపడి, "ఇంకా ఏమైనా తప్పుందా?" అన్నాడు.

కొత్త లింకు అందరికీ పంపాను. కోపం ఉంది కాబట్టి అత్తకు పంపకూడదనుకున్నాను. కానీ పాత వరసలో ఆవిడ పేరే మొదట ఉంది, వేలు దానంతటదే నొక్కేసింది. వెంటనే ఫోను మోగింది.

"ఎవరే ఈ పెద్దాయన?" అంది అత్త.

"మేనేజరు. నువ్వు వద్దన్నావుగా," అన్నాను ముభావంగా.

"నేనెప్పుడు వద్దన్నాను? నువ్వు పంపింది దూదిపింజలాంటి కూనని! అది ఇల్లంతా పరుగులు పెడితే దాని వెనక నేను పరిగెత్తగలనా, నా మోకాళ్ళతో? ఇలాంటి నిమ్మళమైనవాణ్ణి దగ్గర పెట్టుకుని ఆ కూనని నాకెందుకు పంపావే? ఫోన్ చేస్తే తీయవు కూడా!"

పాత లింకు సంగతంతా అత్తకు చెప్పేశాను.

మర్నాడు పొద్దున్నే అత్త వచ్చింది. మేనేజరు గేటు దగ్గర కూర్చుని ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. అత్త కూడా అలాగే చూసింది. "మా ఆఫీసులో పై అధికారి అచ్చం ఇలాగే చూసేవాడు. వీడే నయం, ఏమీ అనడు," అంది. తర్వాత ఇద్దరూ బయల్దేరారు. ఆవిడ నెమ్మదిగా, వాడు నెమ్మదిగా. గొలుసు ఎవరూ లాగలేదు. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. సంతోషంతో గుండె నిండిపోయింది.

ఇల్లు దొరికిన కుక్కల పేజీలు తీసేస్తానని తమ్ముడు అంటే అత్త ఒప్పుకోలేదు. "తీశావంటే ఊరుకోను," అంది. రోజూ భోజనమయ్యాక ఫోనులో ఆ లింకు నొక్కుతుందట, మేనేజరు కాళ్ళ దగ్గరే పడుకుని ఉన్నా సరే.

"దేనికత్తా?" అన్నాను.

"ఏమో, మళ్ళీ ఆ కూనే వస్తుందేమోనని భయం," అంది.