దొరగారి కడుపుబ్బరం

"గాలమ్మా గాలమ్మా ఎక్కడికే?
దొరగారి జుట్టంతా చెరపటానికే..."

తర్వాతి చరణం ఎంత తలుచుకున్నా నోటికి రాదు. ఆ జమీలో ఆడపిల్లలు ధాన్యం దంచుతూ పాడుకున్న పాట.

ఆ జమీ తరతరాలుగా ఒకే ఇంటివాళ్ళది. గద్దె మీద ఎవరు కూర్చుంటే వాళ్ళ ఒళ్ళే నేల. ముత్తాతగారి పెదవులు పగిలితే మెట్ట చేలకు నీళ్ళు పెట్టేవారు. తాతగారి వీపు దురద పెడితే, కొండమీద మేకలు పడ్డాయేమో చూడమని మనుషుల్ని పంపేవారు. పొద్దున్నే పూజగదిలో దీపం పెట్టగానే దివానుగారు వచ్చి, "ఈ పూట ఒంట్లో ఎలా ఉంది దొరా?" అని అడిగేవారు. జవాబును బట్టే ఆ రోజు పనులు.

పెద్ద దొర కన్నుమూశాక కొడుకు గద్దెనెక్కాడు. తిండిపుష్టి గలవాడు, మనసు వెన్న. పెళ్ళి వద్దనుకుని ఇంట్లోనే ఉండిపోయిన అక్కంటే ప్రాణం. మేనమామ మాత్రం ఊరుకోలేదు.

"గద్దె ఒకరిదయ్యాక తోడబుట్టినవాళ్ళు ఇంట్లో ఉండకూడదురా. పెద్దల కట్టుబాటు. దాన్ని మా ఊరు తీసుకుపోతా."

తమ్ముడు ఎదురు చెప్పలేకపోయాడు. ప్రతి గట్టూ నడిచిన నేలను వదలమంటే అక్కకు గుండె చెరువైంది.

బయల్దేరే పూట దొర కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు.

"దివానుగారూ! ఒకటే ఉబ్బరం. పగిలిపోయేలా ఉంది!"

"అయ్యబాబోయ్, చెరువు కట్ట!" అని దివానుగారు పరుగెత్తి తూములన్నీ ఎత్తించేశారు.

"నిన్న కుండెడన్నం మింగాడు. మధ్యలో చెరువేం చేసిందమ్మా?" అని వంటావిడ గొణిగింది. వినేవాళ్ళేరీ?

నీళ్ళు పచ్చని చేల మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే బండెక్కబోతున్న అక్క ఆగిపోయింది. నిలబడ్డది పొడినేల మీదే. చీర కుచ్చిళ్ళ నుంచి మాత్రం బురదనీళ్ళు కారుతున్నాయి. కాలివేళ్ళ సందుల్లో లేత నారు.

మేనమామ కిందికి చూశాడు. కండువా దులుపుకున్నాడు.

"ఎద్దుల్ని విప్పరా" అన్నాడు బండివాడితో.

దొర గద్దె దిగి వచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాడు. "ఎక్కిన నాటినుంచీ నాకు అజీర్తి తప్ప ఏమీ రాలేదే! అప్పుడే అనుమానపడ్డా."

"ఆడదాన్ని కదరా. జనం ఒప్పుకుంటారా?"

"నేలే ఒప్పుకున్నాక జనమెంత? రా అక్కా, కూర్చో. ముందు తూములు మూయించు. తర్వాత నా కడుపు సంగతి చూద్దువుగాని."